లార్డ్ హౌ దీవిలో ఎగరలేని కోడి కోసం ఆరు రోజులు

బెంగళూరులో పక్షులను చూసే అలవాటున్న తెలుగువారికి నీటికోడి కొత్తది కాదు. హెబ్బాళ చెరువు గట్టున పొద్దున్నే నిలబడితే జమ్ములోంచి తోక ఆడిస్తూ బయటికి వస్తుంది. ఆ కుటుంబానికే చెందిన, ఎగిరే శక్తి పోయిన వుడ్‌హెన్ అనే ఒక అడవి పక్షిని చూడడానికి నేనూ మా ఆవిడా కిందటి సెప్టెంబరులో ఆస్ట్రేలియా వారి లార్డ్ హౌ దీవికి వెళ్లివచ్చాము. వచ్చినప్పటి నుంచి మా అపార్టుమెంటులోని మిత్రులు అడుగుతున్నవి రెండే ప్రశ్నలు: అంత ఖర్చుకు తగినదేనా, అక్కడ ఎక్కడ దిగాలి? ఆ పక్షి కథ చెప్పకుండా వీటికి జవాబు చెప్పలేను.

ముందు ప్రయాణం సంగతి. బెంగళూరు నుంచి సిడ్నీకి నేరుగా వెళ్లే విమానం 2022లో మొదలైంది కనుక మొదటి అంచె సులువే. అక్కడి నుంచి చిన్న విమానంలో సుమారు రెండు గంటల ప్రయాణం. మా టికెట్టు మీద ఒక్కొక్కరికి 14 కిలోల సామాను మాత్రమే అనుమతించారు. అసలు చిక్కు గది దగ్గర వచ్చింది. మా టికెట్లు తీసిన ఏజెంటు గది అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చన్నాడు. ఆ దీవిలో ఒక సమయంలో 400 మంది సందర్శకులకు మించి ఉండనివ్వరు, గుడారం వేసుకోనివ్వరు. చివరికి గది దొరికిన తేదీలకు టికెట్లు మార్చుకుని, ఆ జరిమానా మేమే కట్టుకున్నాము. గది ఖాయమయ్యాకే టికెట్టు కొనండి.

దీవిలో దిగగానే శిక్షణ పొందిన కుక్కలు సామాన్లను వాసన చూశాయి. మా ఆవిడకు చిరాకు వేసింది కానీ, కారణం తెలిశాక ఏమీ అనలేదు. 1918లో మకాంబో అనే ఓడ అక్కడ ఒడ్డుకు తగిలినప్పుడు దానిలోని ఎలుకలు దీవిమీదికి చేరి, కొద్ది సంవత్సరాలలోనే ఐదు రకాల పక్షులను లేకుండా చేశాయి.

మేము చూడబోయిన వుడ్‌హెన్ కష్టాలు అంతకంటే పాతవి. 1788లో మొదటి నావికులు వచ్చేనాటికి ఆ దీవిలో నేలమీద తిరిగే మృగమేదీ లేనందున దానికి భయమంటే తెలియదు. వింత చప్పుడు వినిపిస్తే పారిపోవడానికి బదులు ఏమిటో చూద్దామని దగ్గరికి వచ్చేది, వచ్చినవారు కర్రతో కొట్టి వండుకునేవారు. ఆ తరువాత పందులు, పిల్లులు, కుక్కలు, ఆపై ఎలుకలను పడతాయని తెచ్చి వదిలిన గుడ్లగూబలు తలా ఒక చెయ్యి వేశాయి. 1970ల నాటికి మిగిలినవి ముప్పైలోపే, అవీ 875 మీటర్ల గోవర్ కొండ నెత్తిన. చుట్టూ నిట్టనిలువు రాళ్లుండడంతో పందులు అక్కడికి ఎక్కలేకపోయాయి. 1980లో మూడు జంటలను హెలికాప్టరులో కిందికి దించి, దొడ్లలో పెంచి, పిల్లలను అడవిలోకి వదిలారు. అడవి పందులను ఏరివేశారు. 1984కల్లా ఆ దొడ్డి మూసివేయగలిగారు. 2019లో ఎలుకలకు మందు పెట్టినప్పుడు, ఆ మందు తినకుండా 200కు పైగా వుడ్‌హెన్‌లను పట్టి నెలల తరబడి సాకారు. ఎలుకలు పోయాక వాటి సంఖ్య వెయ్యి దాటింది.

ఇక బస. మొదటి మూడు రాత్రులు భోజనాలతో కూడిన ఖరీదైన లాడ్జిలో ఉన్నాము. మడుగు మీద సూర్యాస్తమయం బాగుంటుంది, పరుపు బాగుంటుంది. శాకాహారులకు మాత్రం రోజూ గుమ్మడి, బంగాళాదుంపలే. తక్కిన మూడు రాత్రులకు అడవి అంచున, వంట మనమే చేసుకునే గదికి మారాము. సరుకులు రెండు వారాలకొకసారి ఓడలో వస్తాయి కనుక టమాటా ధర చూసి గుండె గుభేలుమన్నా, చారు కాచుకున్న ఆ పూటే కడుపు నిండింది. సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి, అవి చాలు. వాహనాలకు వేగపరిమితి గంటకు 25 కిలోమీటర్లు కనుక భయం లేదు. మొబైల్ సిగ్నల్ ఉండదు, దానిని నేను లోపంగా లెక్కవేయను.

ఆ రెండో బసలోనే మొదటి పక్షి కనిపించింది. కోడిపెట్టకంటే చిన్నది, అర కిలో ఉంటుందేమో. గోధుమ రంగు ఒళ్లు, రెక్కల మీద నల్లని చారలు, పొడుగాటి వంపు ముక్కు, ఎర్రని కన్ను. వరండా మెట్ల కింద ఎండుటాకులను ముక్కుతో విసిరి విసిరి పురుగులు ఏరుకుంటోంది, వెనకే దాని జంట. మా ఆవిడ రెండు గులకరాళ్లను ఒకదానితో ఒకటి తట్టగానే తల ఎత్తి, నేరుగా ఆమె చెప్పుల దాకా వచ్చింది. రెండు వందల ఏళ్ల కిందట ప్రాణం తీసిన ఆ ఆరాటం ఇంకా పోలేదు. ఆ క్షణంలో మన కడప జిల్లా లంకమలలోని కలివికోడి గుర్తుకు వచ్చింది. అది పోయిందనుకున్న ఎన్నో దశాబ్దాలకు 1986లో మళ్లీ కనిపించింది గాని, బెంగళూరు నుంచి ఒక పగటి దారిలో ఉన్నా నేను చూడలేదు, చూసినవారూ నాకు తెలియదు.

ఐదో రోజున నేనొక్కడినే గోవర్ కొండ ఎక్కాను. లైసెన్సు ఉన్న గైడు లేనిదే పోనివ్వరు. తాళ్లు పట్టుకుని రాళ్ల మీద పాకుతూ పోయి రావడానికి ఎనిమిది గంటలకు పైగా పట్టింది. యాభై దాటినవారు మోకాళ్లను అడిగి నిర్ణయించుకోండి. మా గైడు పైన నిలబడి గొంతెత్తి అరిస్తే పెట్రెల్ అనే కడలి పక్షులు ఆకాశం నుంచి కాళ్ల దగ్గర వాలడం చూడడానికైతే ఆ రుసుము దండగ కాదు. వుడ్‌హెన్ కోసమే అయితే అక్కరలేదు. నాకు అక్కడ రెండు కనిపించాయి. నేను కుంటుకుంటూ గదికి చేరేసరికి, ఆ రోజు వరండాలోనే కూర్చున్న మా ఆవిడ ఐదింటిని లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంది.