పాత వీసీఆర్ కొనేవాళ్లకు హెచ్చరిక: మా అక్క పెళ్లి క్యాసెట్ నలిగిపోయింది

అటక మీద పెళ్లి క్యాసెట్ ఉండి, దాన్ని చూడటానికి సెకండ్ హ్యాండ్ వీసీఆర్ కోసం వెతుకుతున్నవాళ్లు డబ్బులు పంపే ముందు దయచేసి ఇది చదవండి. మెషిన్ పాడైతే ఆరేడు వేలు పోతాయి. క్యాసెట్ పాడైతే దాన్ని మళ్లీ ఎక్కడా కొనలేం.

మా అక్క పెళ్లి 1994లో తెనాలిలో జరిగింది. మూడు గంటల వీహెచ్‌ఎస్ క్యాసెట్ ఒక్కటే ఉంది, కాపీ లేదు. నాన్న పోయి పదకొండేళ్లయింది. ఆయన నడుస్తూ, మాట్లాడుతూ కనిపించేది ఆ క్యాసెట్‌లోనే. అమ్మ డెబ్బయ్యో పుట్టినరోజుకి దాన్ని వేసి చూపించాలని నా ఆశ.

ఆన్‌లైన్‌లో పాత వస్తువులు అమ్మే ఒకతను "ఫుల్ సర్వీస్ చేశాం, హెడ్ క్లీన్ చేశాం, వంద శాతం వర్కింగ్" అని పెట్టాడు. ధర 6,500 రూపాయలు, పార్సిల్ ఖర్చు వేరే. అడిగితే రెండు నిమిషాల వీడియో కూడా పంపాడు. సినిమా క్యాసెట్ పెట్టాడు, బొమ్మ వచ్చింది, రంగులు బాగున్నాయి. అది చూసి నమ్మాను. మెషిన్ ఇంటికొచ్చాక నేనూ ఒక భక్తి పాటల క్యాసెట్ పెట్టి పది నిమిషాలు చూశాను. ఏ తేడా లేదు. అప్పుడు పెళ్లి క్యాసెట్ పెట్టాను.

రెండున్నర గంటలు చక్కగా ఆడింది. వీడియో లైటు మొహం మీద పడగానే ఒక్కొక్కళ్లు సర్దుకుని కూర్చోవడం, వెనకాల సినిమా పాటలు, అక్క మొహం పువ్వులో నుంచి తిరుగుతూ రావడం. అమ్మ కనిపించిన ప్రతి మనిషి పేరూ చెబుతోంది. పంక్తిలో నాన్న నెయ్యి గిన్నె పట్టుకుని తిరుగుతున్నారు. చివర్లో అప్పగింతలు మొదలయ్యాయి. అక్క చేతులు పాలలో ముంచి వాళ్ల అత్తగారి చేతుల్లో పెడుతూ నాన్న ఏదో చెబుతున్నారు. సరిగ్గా అక్కడే బొమ్మ వణికింది, గీతలొచ్చాయి, లోపల కరకరమని చప్పుడు. ఎజెక్ట్ నొక్కితే క్యాసెట్ బయటికొచ్చింది కానీ టేపు ఉచ్చులాగా లోపలే ఇరుక్కుపోయింది.

ఇలా జరిగితే దయచేసి లాగకండి. మళ్లీ ప్లే కూడా నొక్కకండి. నేను ప్లగ్ తీసేసి, క్యాసెట్ అలాగే ఉంచి, మెషిన్ మొత్తాన్ని దుప్పటిలో చుట్టి హైదరాబాద్ నుంచి తెనాలి తీసుకెళ్లాను. ఒకప్పుడు పండగలకీ పెళ్లిళ్లకీ కలర్ టీవీ, వీసీపీ (క్యాసెట్ ఆడించడానికి మాత్రమే పనికొచ్చే మెషిన్), మూడు సినిమా క్యాసెట్లు అద్దెకిచ్చి రాత్రంతా వీడియో వేసిన ఒక బాబాయ్ ఇంకా టీవీలు బాగుచేస్తూ అక్కడే ఉన్నారు. మూత తీయగానే "ఒరే అబ్బాయ్, దీనికి సర్వీసెక్కడ చేశారురా? రబ్బరు మొత్తం రాయైపోయింది" అన్నారు.

ఆయన చెప్పింది అందరూ తెలుసుకోవాలి, అందుకే ఈ పోస్టు రాస్తున్నాను. టేపు ఎడమ చక్రం మీద నుంచి వచ్చి కుడి చక్రానికి చుట్టుకుంటుంది. కుడి చక్రం తిరగడానికి లోపల ఐడ్లర్ అని చిన్న రబ్బరు చక్రం ఉంటుంది. క్యాసెట్ మొదట్లో కుడివైపు చుట్ట సన్నగా ఉంటుంది కాబట్టి కొంచెం బలానికే తిరుగుతుంది. సినిమా నడిచే కొద్దీ ఆ చుట్ట లావెక్కుతుంది, తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. రబ్బరు ఎండి గట్టిపడి ఉంటే అక్కడ జారిపోతుంది. పించ్ రోలర్ మాత్రం టేపును ముందుకు తోస్తూనే ఉంటుంది. చుట్టుకోవాల్సిన టేపు చుట్టుకోక లోపల కుప్పపడి నలుగుతుంది. అంటే ఈ లోపం బయటపడేది క్యాసెట్ చివర్లో. అమ్మేవాళ్లు పంపే వీడియోల్లో ఉండేది క్యాసెట్ మొదలు. నేను చూసుకున్న పది నిమిషాలూ మొదట్లోవే.

నా మెషిన్‌లో బెల్టులు పాతవే, గ్రీజు ఎండి మైనంలా ఉంది. టేపు మీది బొమ్మని చదివే హెడ్ ఒక్కటే తుడిచారు. బొమ్మ బాగా రావడానికి అది చాలు, టేపు క్షేమంగా నడవడానికి చాలదు.

కాబట్టి వీడియో అడిగితే ఇలా అడగండి. మూడు గంటల క్యాసెట్‌ని చివరి దాకా పోనిచ్చి, ఆఖరి పావుగంట ఆడిస్తూ తీయమనండి. తర్వాత ఒక్క బటన్‌తో మొత్తం రివైండ్ అవ్వాలి, మధ్యలో ఆగకూడదు. క్యాసెట్ బయటికి తీసి, ముందుండే మూత ఎత్తి టేపు అంచు మడతపడలేదని చూపించమనండి. బెల్టులు, ఐడ్లర్ రబ్బరు, పించ్ రోలర్ మార్చారా అని పేరు పెట్టి అడగండి. "సర్వీస్ చేశాం" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకండి. మెషిన్ వచ్చాక కూడా పోయినా పర్వాలేదనుకునే క్యాసెట్లు రెండు మూడు మొదటి నుంచి చివరి దాకా ఆడించాకే మీది పెట్టండి.

"సీల్డ్ పీస్, అసలు వాడలేదు" అన్నా తొందరపడొద్దు. వీసీఆర్లు తయారుచేస్తూ వచ్చిన చివరి కంపెనీ, జపాన్‌కి చెందిన ఫునాయ్, 2016 జూలైలో ఆపేసింది. పెట్టెలో వాడకుండా ఉన్నా రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది.

కేవలం చూడటానికైతే వీసీపీ దొరికితే అదే తీసుకోండి. దానికి రికార్డింగ్ ఉండదు. వీసీఆర్ అయితే ముందు మీ క్యాసెట్ వెన్ను అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ట్యాబ్ విరిచి ఉందో లేదో చూడండి. విరవకపోతే, పొరపాటున రికార్డ్ బటన్ నొక్కితే పెళ్లి చెరిగిపోతుంది. క్యాసెట్ మీదుండే చిన్న కిటికీలో నుంచి చూస్తే చుట్ట అంచున తెల్లగా బూజులా కనిపిస్తే అది ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఇది మామూలే. ఆ క్యాసెట్‌ని అస్సలు ఆడించొద్దు, శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వండి. లేకపోతే హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టే క్యాసెట్లకీ పాకుతుంది. అమెరికా నుంచి బంధువులు పంపిన క్యాసెట్లు ఎన్‌టీఎస్‌సీలో ఉంటాయి, మనది పాల్. టీవీ బొమ్మకి ఇవి రెండు వేర్వేరు పద్ధతులు. ఆ క్యాసెట్లకి రెండూ ఆడించే మల్టీ సిస్టమ్ మెషిన్ కావాలి. చిన్న 8 ఎంఎం హ్యాండీక్యామ్ టేపుని వీసీఆర్‌లో పెట్టే అడాప్టర్ ఉందని ఎవరైనా అమ్మితే కొనకండి. అలాంటిది లేదు. అడాప్టర్ ఉండేది వీహెచ్‌ఎస్-సీ అనే వేరే టేపుకి.

పాత వీడియో గేములు కొనేవాళ్లకీ ఒక మాట. మా తమ్ముడు చిన్నప్పటి మారియో మీద ప్రేమతో జపాన్ ఫ్యామికామ్ అనే వీడియో గేమ్ మెషిన్ తెప్పించుకున్నాడు. 1983లో వచ్చిన మోడల్. దాని కరెంటు అడాప్టర్ 100 వోల్టులది, మన ప్లగ్‌లో 230. పెట్టిన కాసేపటికే కాలిపోయింది, ఆ సంగతి అమ్మినవాడు ఒక్క ముక్క చెప్పలేదు. ఇంకొకటి, ఆ గేముల్లో బాతుల్ని కాల్చడానికి వాడే గన్ ఎల్‌ఈడీ టీవీతో పనిచేయదు. ట్రిగ్గర్ నొక్కగానే పాత డబ్బా టీవీ తెర మీద ఆ క్షణంలో మెరిసే వెలుగుని పట్టుకునేలా దాన్ని తయారుచేశారు. కొత్త టీవీల్లో ఆ వెలుగు ఆలస్యంగా వస్తుంది. "గన్‌తో సహా ఏ టీవీలోనైనా ఆడుకోవచ్చు" అనేవాళ్ల దగ్గర కొనకండి.

మా క్యాసెట్ సంగతి. బాబాయ్ అయిదు స్క్రూలు విప్పి, ఉచ్చుని చేత్తో మెల్లగా తప్పించి, తెగిన చోట స్ప్లైసింగ్ టేపుతో అతికించారు. మామూలు సెల్లోటేపు వాడితే జిగురు కారి హెడ్ పాడవుతుందట. తన సొంత మెషిన్‌లో ఒకేసారి ఆడించి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అప్పగింతల దగ్గర నిమిషం నలభై సెకన్ల పాటు బొమ్మ లేదు, అడ్డంగా గీతలే. టేపు నలిగింది కింది అంచు, బొమ్మని నిలబెట్టే సిగ్నల్ అక్కడే ఉంటుంది. మాట పై అంచున ఉంటుంది, అది దక్కింది. "నా బిడ్డకి కోపం ఎక్కువ వదినగారూ, మనసు మంచిది" అని నాన్న అంటున్నారు. అమ్మ ఆ గీతల్ని చూస్తూ రెండోసారి వేయమంది.

అమ్మినతను "పాత వస్తువుకి రిటర్న్ లేదు" అని మెసేజ్ పెట్టి బ్లాక్ చేశాడు. వ్యాపారం చేసేవాళ్ల దగ్గర కొన్నట్టయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు. నేను చేశాను, ఇంకా జవాబు రాలేదు. నిన్న అవే మాటలతో ఇంకో వీసీఆర్ అమ్మకానికి పెట్టాడు, మళ్లీ రెండు నిమిషాల వీడియోతో. ఎవరికైనా కనిపిస్తే ఆఖరి పావుగంట చూపించమని అడగండి.