చలికాలం ఒంటికి కొబ్బరి నూనె మేలా, నువ్వుల నూనె మేలా?

డిసెంబరు వచ్చిందంటే తిరుపతిలో తెల్లవారేసరికి మా కొబ్బరి నూనె సీసా గడ్డకట్టి ఉంటుంది. 24 డిగ్రీల కిందికి దిగితే చాలు, పేరుకుపోతుంది. కల్తీ అని భయపడతారు కొందరు, కానీ అది దాని గుణమే. చెంబులో వేడినీళ్లు పోసి సీసాని నిలబెడితే అంచుల వెంట కరిగి, నడుమ తెల్లటి ముద్ద మిగులుతుంది. పక్కనే నువ్వుల నూనె హాయిగా జారుతుంటుంది. "ఇంత తంటా ఎందుకమ్మా, ఇది పూసుకోకూడదా?" అంటారు మా అత్తగారు.

రెండూ వాడి చూశాక నా మాట ఇది: స్నానం తర్వాతైతే కొబ్బరి నూనే. నూనె ఏదైనా చర్మానికి కొత్తగా తడి ఇవ్వదు, ఉన్న తడి ఆరిపోకుండా ఆపుతుంది. అందుకే ఒళ్లు పూర్తిగా తుడుచుకోకముందే నాలుగు చుక్కలు రాయాలి. గోరు తగిలితే తెల్ల గీత పడే నా పిక్కలు ఇలా వారం రాసేసరికి మెత్తబడ్డాయి.

స్నానానికి ముందు మర్దనాకి మాత్రం అత్తగారిదే గెలుపు. నువ్వుల నూనెలో చర్మానికి అవసరమైన లినోలిక్ ఆమ్లం 40 శాతం దాకా ఉంటుంది, కొబ్బరి నూనెలో అది చాలా తక్కువ. శనివారం పట్టించి, అరగంట ఆగి, సున్నిపిండితో రుద్దుకుంటే ఒళ్లు తేలికవుతుంది. వాసన, తువ్వాలు మరక మాత్రం తప్పవు. నువ్వులు పడనివాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. దీపారాధన నూనె అని అమ్మేది ఒంటికి అసలు వద్దు, వంటకు పనికొచ్చే గానుగ నూనే తీసుకోండి.

ముఖానికి రెండూ వద్దంటాను. ఇంటర్ చదివే మా అమ్మాయి కొబ్బరి నూనె రాసుకుంటే పది రోజుల్లో నుదుటినిండా మొటిమలు లేచాయి. మానేశాకే తగ్గాయి. ఎండకు కూడా ఈ నూనెలు అడ్డుకావు, దానికి సన్‌స్క్రీనే.

ఇక మడమలకు ఈ రెండిటికన్నా ఆముదం నయం. అలిపిరి నుంచి మూడున్నర వేల మెట్లు వట్టి కాళ్లతో ఎక్కి వచ్చాక, రాత్రి కాళ్లు కడిగి చిక్కగా పట్టించి సాక్సు వేసుకుంటే పొద్దునకు గరుకు తగ్గుతుంది. పగులు లోతై రక్తం కారుతుంటే, అందులోనూ షుగర్ ఉంటే, నూనెతో సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.