స్కార్లెట్ 2ఐ2 మూడో తరం: విశాఖ ఉప్పుగాలిలో ఏళ్లు వాడాక

ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 అంటే మైకునూ వాద్యాన్నీ కంప్యూటర్‌కు కలిపే పెట్టె, ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. దీని మూడో తరం 2019లో వచ్చింది. 2023లో నాలుగో తరం వచ్చినా పాతది సెకండ్ హ్యాండ్‌లో ఇంకా దొరుకుతోంది. దీన్ని పెదవాల్తేరులో, సముద్రపు గాలి నేరుగా తగిలే ఇంట్లో, గాత్రానికీ వీణకూ మృదంగానికీ ఏళ్లుగా వాడుతున్నాను. తీర్పు ముందే చెప్పేస్తాను: మొదటి ఇంటర్‌ఫేస్‌గా ఇది ఇప్పటికీ బాగా పనికొస్తుంది. షరతు ఒక్కటే, మీ మైకు మరీ బలహీనమైన సిగ్నల్ ఇచ్చేది కాకూడదు. ఇక గరగర, హమ్ము, చిటపట అంటూ జనం ఇంటర్‌ఫేస్‌ను తిట్టే సందర్భాల్లో చాలావాటికి మూలం గోడ ప్లగ్గులోనో కేబుల్ పిన్నులోనో ఉంటుంది. విశాఖలో అయితే మరీను.

కొనేముందు తేల్చుకోవాల్సింది ఒకేసారి ఎన్ని మైకులు పెట్టాలన్నది. ఇదే శ్రేణిలోని సోలో మోడల్‌లో మైకు ప్రీఆంప్ (మైకు సిగ్నల్‌ను పెంచే భాగం) ఒక్కటే, రెండో ఇన్‌పుట్ గిటార్‌కో కీబోర్డుకో మాత్రమే. ఒక్కరే పాడుకునేవాళ్లకూ పాఠాలు రికార్డు చేసే టీచర్లకూ అది చాలు. మృదంగానికి మాత్రం కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి పెట్టకపోతే గుంకి సరిగా పడదు, అందుకని 2ఐ2 తప్పదు. బొబ్బిలి వీణకు నాకు బాగా కుదిరిన పద్ధతి ఇది: కుండకు ఎదురుగా అడుగు దూరంలో, గుర్రం వైపు కొంచెం వంచి ఒక కండెన్సర్ మైకు (కరెంటు తీసుకుని పనిచేసే సున్నితమైన రకం). వీణకు పీజో పికప్ (కంపనాలను పట్టే బిళ్ల) అతికించి ఉంటే దాని తీగ రెండో ఇన్‌పుట్‌కి. ఇక్కడ ముందు ప్యానెల్ మీద ఇన్‌స్ట్ (వాద్యం) బటన్ వెలిగి ఉండాలి. పీజోకి ఇన్‌పుట్‌లో మెగాఓమ్ స్థాయి ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) కావాలి. లైన్ మోడ్‌లో ఉంచితే మంద్రం మొత్తం పోయి, రేకు డబ్బా మీద వాయించినట్టు వినిపిస్తుంది. పికప్ చెడిపోయిందనుకుని కొత్తది కొనేవాళ్లు ముందు ఆ బటన్ చూసుకోవాలి.

గెయిన్, అంటే మైకు సిగ్నల్‌ను పెంచే మోతాదు, విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఈ పెట్టె అసలు హద్దు అక్కడే ఉంది. మూడో తరం మైకు ప్రీఆంప్ గెయిన్ పరిధి 56 డెసిబెల్. ఆడియో టెక్నికా ఏటీ2020 లాంటి కండెన్సర్‌కి అందులో సగం కూడా అక్కర్లేదు. షూర్ ఎస్ఎం58 పెదవులకు నాలుగైదు వేళ్ల దూరంలో ఉంటే గెయిన్ నాబ్ మూడొంతులు దాటినా పని జరుగుతుంది. యూట్యూబ్‌లో అందరి ముందూ కనిపించే షూర్ ఎస్ఎం7బీకి మాత్రం దాదాపు 60 డెసిబెల్ కావాలి. మెల్లగా మాట్లాడేవాళ్లు దాన్ని ఈ పెట్టెకు తగిలిస్తే నాబ్ చివరిదాకా తిప్పినా స్థాయి రాదు, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పెంచితే బుస పైకి తేలుతుంది. ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్ గుండా ఇంటర్‌ఫేస్ పంపే 48 వోల్టుల కరెంటు) తీసుకుని సిగ్నల్‌ను పాతిక డెసిబెల్ దాకా పెంచే ఇన్‌లైన్ బూస్టర్ మధ్యలో పెట్టుకోవచ్చు, కానీ ఆ ఖర్చు కలిపితే నాలుగో తరం 2ఐ2 వైపు చూడటమే మేలు. అందులో గెయిన్ 69 డెసిబెల్, లూప్‌బ్యాక్ (కంప్యూటర్‌లో మోగే శబ్దాన్ని కూడా రికార్డింగ్‌లోకి పంపే సౌకర్యం) కూడా ఉంది. ఆన్‌లైన్ కచేరీలు, పాఠాలు నడిపేవాళ్లకు లూప్‌బ్యాక్ నిజంగా అవసరం. మూడో తరం 2ఐ2 హార్డ్‌వేర్‌లో అది లేదు.

నాబ్ చుట్టూ వలయం పచ్చగా ఉంటే సరే, నారింజ అంటే అంచుకు వచ్చినట్టు, ఎరుపు అంటే సిగ్నల్ చితికినట్టు. గాయకులు గెయిన్ పెట్టేటప్పుడు మధ్యస్థాయిలో సరిచూసుకుని వదిలేస్తారు, పంచమం దాటి పైకి వెళ్లగానే ఎరుపు వెలుగుతుంది. పాడబోయే పాటలో అన్నిటికంటే పైకి వెళ్లే సంగతి పూర్తి గొంతుతో పాడి, సాఫ్ట్‌వేర్ మీటరు మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఆగేలా పెట్టాలి. 24 బిట్‌లో రికార్డు చేస్తున్నప్పుడు సున్నా దాకా ఎక్కించాల్సిన అవసరమే లేదు. మృదంగానికి ఇంకో 4 డెసిబెల్ తగ్గించుకోండి. చాపు దెబ్బ శిఖరం చాలా చిన్నది, వలయం రంగు మారడం కంటికి ఆనకముందే వెళ్లిపోతుంది.

పెట్టె మీద 192 కిలోహెర్ట్జ్ అని ఉంటుంది, దాన్ని చూసి కొనొద్దు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టుకుంటే ఒక మోనో ట్రాక్ నిమిషానికి దాదాపు 8.6 మెగాబైట్లు. 192లో అది నాలుగింతలవుతుంది, చెవికి మాత్రం కొత్తగా ఏమీ రాదు. జాగ్రత్త పడాల్సింది 44.1కీ 48కీ మధ్య. 44.1లో తీసిన ఫైలును ప్రాజెక్టులోకి మార్చకుండా లాగి 48లో ఆడిస్తే వేగంతో పాటు శ్రుతి కూడా పెరుగుతుంది, సుమారు ఒకటిన్నర స్వరస్థానం. ఒకటో శ్రుతిలో పాడింది ఒకటిన్నరకూ రెండుకూ మధ్య ఎక్కడో తేలుతుంది, ఏ తంబురాకూ కలవదు. వీడియోకి చేసేవాళ్లు విండోస్ సౌండ్ సెట్టింగ్, డ్రైవర్, ప్రాజెక్టు మూడింటిలోనూ 48 పెట్టి అలాగే వదిలేయండి.

కొత్త పెట్టె తొలిసారి తగిలించగానే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తే కంగారు పడొద్దు. రిజిస్ట్రేషన్ కోసం కంపెనీ పెట్టిన ఏర్పాటు అది. ఆ స్థితిలో కొన్ని సౌకర్యాలు పనిచేయవు. ఫాంటమ్ పవర్ ఇచ్చే 48వీ బటన్‌ను ఐదు సెకన్లు నొక్కి పట్టుకుని, యూఎస్‌బీ తీసి మళ్లీ పెడితే మామూలు స్థితికి వస్తుంది. ఆ తర్వాత విండోస్‌లో కంపెనీ డ్రైవర్ తప్పనిసరిగా వేసుకోవాలి. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పట్టే శబ్దపు ముక్క) 128 శాంపిళ్లు అంటే 48 కిలోహెర్ట్జ్ దగ్గర 2.7 మిల్లీసెకన్లు, రానూపోనూ కలిపి దానికి రెట్టింపు, పైన డ్రైవర్ తీసుకునే కొంత సమయం. పాత ల్యాప్‌టాప్ 128 దగ్గర చిటపటలాడితే 256కి పెంచి, గొంతును డైరెక్ట్ మానిటర్‌లో, అంటే కంప్యూటర్ దాకా వెళ్లకుండా పెట్టె నుంచే, వినండి, ఆలస్యమే ఉండదు. ఆ బటన్‌కు ఆఫ్, మోనో, స్టీరియో అని మూడు స్థితులున్నాయి. ఒక్క మైకు వాడుతూ స్టీరియోలో ఉంచితే గొంతు ఎడమ చెవిలోనే వినిపిస్తుంది. హెడ్‌ఫోన్ ఒక పక్క పోయిందని దుకాణానికి వెళ్లకముందు మోనోలోకి మార్చి చూడండి. డైరెక్ట్ మానిటర్ వాడేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపేయాలి, లేకపోతే గొంతు రెండుసార్లు వినిపించి తాళం జారుతుంది.

ఎయిర్ బటన్ పై ఫ్రీక్వెన్సీలను లేపుతుంది. ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకులో మందంగా వచ్చే గొంతుకు అది మేలు. కండెన్సర్‌తో పాడే ఆడగొంతులో శ, స, ష మరీ గీసుకుంటాయి, వీణలో మీటు చప్పుడు స్వరం కంటే ముందుకొస్తుంది. మూడో తరంలో ఇది అనలాగ్ సర్క్యూట్, రికార్డయ్యాక వెనక్కి తీయలేం. అనుమానం ఉంటే ఆపి ఉంచండి.

ఇప్పుడు హమ్ము. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 50, 100, 150 దగ్గర గుంయ్‌మని వస్తుంది. మొదటి పరీక్ష సులువు: ల్యాప్‌టాప్ చార్జర్ పీకేయండి. హమ్ము ఆగిపోతే దోషం చార్జర్‌దో ఎర్తింగ్‌దో. రెండు పిన్నుల చార్జర్ ఉన్న ల్యాప్‌టాప్‌తో ఇంటర్‌ఫేస్ లోహపు ఒంటిని వేలితో తాకితే జిలజిలలాడటం కూడా ఇందువల్లే. చార్జర్ లోంచి కారే కొద్దిపాటి కరెంటుకు భూమిలోకి దారి లేక ఒంటి మీదే నిలుస్తుంది. మూడు పిన్నుల చార్జర్, నిజంగా ఎర్త్ ఉన్న సాకెట్ దీనికి మందు. అపార్టుమెంట్లలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక వైరు ఉందని నమ్మొద్దు, ఎలక్ట్రీషియన్‌తో ఫేజుకీ ఎర్తుకీ మధ్య వోల్టేజీ కొలిపించండి. హమ్ము పోతుందని ఎర్త్ పిన్ను విరిచేయమనే సలహా వింటే అసలు పాటించొద్దు, అది ప్రాణం మీదకు తెచ్చే పని.

చార్జర్ తీసినా పోకపోతే స్పీకర్ల వైపు చూడండి. స్పీకర్లు ఒక గది సాకెట్లో, ల్యాప్‌టాప్ ఇంకో గోడ సాకెట్లో ఉంటే గ్రౌండ్ లూప్ (రెండు ఎర్త్ దారుల మధ్య కరెంటు తిరిగే చుట్టు) ఏర్పడుతుంది. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టి, వెనక అవుట్‌పుట్ల నుంచి బ్యాలెన్స్‌డ్ (దారిలో చేరే హమ్మును రద్దు చేసే) టీఆర్ఎస్ కేబుళ్లు లాగండి. పిన్ను మీద రెండు నల్ల గీతలుంటే టీఆర్ఎస్, ఒక్కటే ఉంటే కాదు. హమ్ముకి బదులు జర్రుమని కొరికే శబ్దం వస్తుంటే ఫ్యాన్ రెగ్యులేటర్‌ను అనుమానించాలి. మెట్లు లేకుండా నున్నగా తిరిగే పాత డిమ్మర్ రకం ఈ చప్పుడు చేస్తుంది, టక్కుటక్కుమని మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం చేయదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడూ ఇదే గోల. కరెంటు పోతే ఇన్వర్టర్ స్విచ్ తీసి, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే రికార్డు చేయండి. 2ఐ2కి విడిగా అడాప్టర్ లేదు, యూఎస్‌బీ నుంచే పవర్ తీసుకుంటుంది, కాబట్టి అన్నిటికంటే శుభ్రమైన టేకులు కోత వేళల్లోనే వస్తాయి. హబ్ మధ్యలో వద్దు, నేరుగా ల్యాప్‌టాప్ పోర్టులోకే.

బీచ్ రోడ్డుకి దగ్గరలో ఉండేవాళ్లకు అసలు శత్రువు ఉప్పుగాలి. పెట్టె లోపలి భాగాలు బాగానే నిలబడతాయి, ముందు లొంగేది బయటి లోహం. నికెల్ పూత ఉన్న చవక జాక్ పిన్నులు మసకబారి, అంచుల్లో పచ్చటి చిలుము పడుతుంది. అప్పుడు కేబుల్ కదిలిస్తే కర్రుమనడం, ఒక ఛానెల్ వచ్చి పోవడం మొదలవుతాయి. ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైకు) కేబుల్ కొనేటప్పుడు బంగారు పూత పిన్నులు అడగండి. న్యూట్రిక్ కంపెనీ పిన్నుల్లో నల్లటి ఒంటితో వచ్చే రకానికి ఆ పూత ఉంటుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన నూగు రాని గుడ్డతో పిన్నులు తుడిచి, పూర్తిగా ఆరాక సాకెట్లో పది పదిహేనుసార్లు పెట్టి తీస్తే లోపలి కాంటాక్టు కూడా శుభ్రపడుతుంది. వానాకాలంలో నెలకోసారి ఇది చేయాలి. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే మాత్రం నాబులో కొట్టొద్దు, ఆ జిడ్డు మీద దుమ్ము పేరుకుంటుంది. గెయిన్ నాబ్ గరగరమంటే పవర్ తీసేసి ఆ చివర నుంచి ఈ చివరకు ఇరవైసార్లు తిప్పండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

కండెన్సర్ మైకు తేమకు ఇంకా సున్నితం. క్యాప్సూల్ మీద చెమ్మ చేరితే చార్జి కారిపోయి వేడి నూనెలో నీటి చుక్క పడ్డట్టు చిటచిటమంటుంది. జనం దీన్ని ఇంటర్‌ఫేస్ దోషం అనుకుంటారు. రెండో ఇన్‌పుట్‌కి మార్చినా, కేబుల్ మార్చినా అదే చప్పుడు వస్తే మైకుదే. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో ఒక రాత్రి ఉంచితే తగ్గుతుంది. రంగు మారే రకం జెల్ తీసుకోండి, నీలం నుంచి గులాబీకి తిరిగిందంటే నిండినట్టు. సన్నని సెగ మీద పెనంలో వేయిస్తే మళ్లీ నీలమవుతుంది. ఏసీ గదిలో చల్లబడ్డ మైకును వెంటనే బాల్కనీ పక్క గదిలోకి తెచ్చి వాడొద్దు, మంచు పడుతుంది. అరగంట ఆగండి. ఇంకో సంగతి, 48వీ బటన్ రెండు ఇన్‌పుట్లకూ కలిపి ఒక్కటే. అది వెలిగి ఉండగా కేబుళ్లు పీకొద్దు. ఆపి, పది సెకన్లాగి తీయండి. డైనమిక్ మైకుకు సరైన ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌తో ఫాంటమ్ వల్ల నష్టం లేదు. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెను మాత్రం ఎక్స్‌ఎల్‌ఆర్‌గా మార్చి తగిలించొద్దు, మామూలు జాక్‌తో లైన్ ఇన్‌పుట్‌కే ఇవ్వండి.

ప్రీఆంప్ బుస గురించి చర్చలు చాలా జరుగుతాయి. ఏటీ2020 సొంత బుస 20 డెసిబెల్. ఫ్యాన్ ఆపిన ఇంటి గది రాత్రిపూట కూడా అంతకంటే పైనే ఉంటుంది. మర్రిపాలెం వైపు రైలు కూతలు, బీచ్ వైపు గాలి హోరు ఏ ప్రీఆంప్ బుసనైనా మింగేస్తాయి. పాడేవారి వెనక బొంతలు వేలాడదీసి, కిటికీ ఉన్న గోడ మైకు వీపు వైపుకు వచ్చేలా కూర్చుంటే ఖరీదైన ఇంటర్‌ఫేస్ ఇవ్వలేని తేడా కనిపిస్తుంది. లో కట్ (కింది ఫ్రీక్వెన్సీలను కోసే స్విచ్) ఈ పెట్టెలో లేదు. 80 హెర్ట్జ్ కింద సాఫ్ట్‌వేర్‌లో కోసుకోవాలి, మృదంగం ఎడమవైపు ట్రాక్‌ను మాత్రం ముట్టుకోవద్దు.

ఇతర పెట్టెల్లో మోటూ ఎం2 నాకు బాగా నచ్చింది. ముందువైపు తెరమీద స్థాయి మీటరు, ఒక్కో ఇన్‌పుట్‌కూ విడి 48వీ, లూప్‌బ్యాక్, వెనక ఆన్ ఆఫ్ స్విచ్ ఉన్నాయి. బడ్జెట్ చాలితే అదే తీసుకోండి. బాగా తక్కువలో కావాలంటే బెహ్రింగర్ యూఎంసీ202హెచ్‌డీ. దాని తమ్ముడు యూఎంసీ22 మాత్రం 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, మైకు ప్రీఆంప్ కూడా ఒక్కటే.

సెకండ్ హ్యాండ్ 2ఐ2 చూడ్డానికి వెళ్తే సొంత ల్యాప్‌టాప్, ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్, ఒక కండెన్సర్ మైకు, హెడ్‌ఫోన్ తీసుకెళ్లండి. హెడ్‌ఫోన్ 32 నుంచి 80 ఓములది అయితే స్థాయి సరిగా తెలుస్తుంది. రెండు ఇన్‌పుట్లలోనూ మైకు పెట్టి 48వీ వెలిగించండి. రెండు నాబులూ చివరిదాకా మెల్లగా తిప్పుతూ గరగర వినండి. వెనక యూఎస్‌బీ-సీ పోర్టులో కేబుల్ అటూఇటూ కదిపి కనెక్షన్ తెగుతోందేమో చూడండి, ఎక్కువగా వదులయ్యేది అదే. టార్చి వేసి జాక్ సాకెట్లలోకి తొంగి చూస్తే చిలుము కనిపిస్తుంది. చివరగా, అడుగున ఉన్న సీరియల్ నంబరును పాత యజమాని తన ఖాతా నుంచి తీసేయించాకే డబ్బు ఇవ్వండి.