ఆకుపచ్చ లేని నాలుగు ట్యూబుల ఆయిల్ రంగుల సెట్: చెట్లు వేసేవాళ్లకు పనికొస్తుందా?

అల్ట్రామెరైన్ బ్లూ, లెమన్ యెల్లో, బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి ఛాయ ఉన్న గోధుమరంగు), టైటానియం వైట్. చెట్ల లాండ్‌స్కేప్‌కు ఈ నాలుగూ నిక్షేపంగా సరిపోతాయి. ఆకుపచ్చ ట్యూబ్ లేకపోవడమే ఈ సెట్ బలం. ప్రతి ఆకుపచ్చనీ కలుపుకోవాల్సిందే కాబట్టి, ఏ రెండు చెట్లూ ఒకే రంగులో రావు.

అల్ట్రామెరైన్‌లో కాస్త ఎరుపు ఛాయ ఉంటుంది. అందుకే దానితో కలిపిన ఆకుపచ్చ కళ్లలో గుచ్చుకోదు. ఎండ పడ్డ ఆకులకు నాలుగు పాళ్ల పసుపులోకి ఒక పాలు నీలం, అదీ కొద్దికొద్దిగా కలపాలి. నీడ వైపు నీలం పెంచి, గోరంత సియెన్నా చాలు. మించితే బురదే.

అసలు సంపద నీలం, సియెన్నాల జోడీ. సమానంగా కలిపితే దాదాపు నలుపు వస్తుంది. రెండూ పారదర్శకమైనవి కాబట్టి పల్చగా పూస్తే కాండం మొదట్లో నీడ ఎంతో లోతుగా కనిపిస్తుంది. అందులోకి కొంచెం తెలుపు వేస్తే బూడిదరంగు బెరడు సిద్ధం. అదే తెలుపు నీడల్లోకి జారిందా, సుద్ద రాసినట్టు పాలిపోతాయి. కొమ్మల సందుల్లోని ఆకాశాన్ని బయటి ఆకాశం కంటే ఒక మెట్టు ముదురుగా వేయాలి. లేకపోతే తెల్ల కాగితం ముక్కలు అతికించినట్టు ముందుకొచ్చేస్తాయి.

ఇక లోపాలు. తెలుపు ట్యూబ్ మిగతావాటి సైజులోనే ఇస్తారు, ఇది పెద్ద ఇబ్బంది. ఆకాశం, దూరపు చెట్లు కలిసి దాన్ని ముందుగా ఖాళీ చేస్తాయి. తెలుపు విడిగా పెద్దది కొనుక్కోండి. కొనేటప్పుడు ట్యూబ్ మీద పిగ్మెంట్ (రంగు పొడి) కోడ్ చూడండి: టైటానియం తెలుపుకు గుర్తైన పీడబ్ల్యూ6 (PW6) ఒక్కటే ఉండాలి. పక్కన పీడబ్ల్యూ4 (PW4) కూడా ఉంటే అందులో జింక్ కలిసినట్టు. జింక్ ఉన్న పొర ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారి పగిలే ప్రమాదముంది. నీలానికి అల్ట్రామెరైన్ కోడ్ పీబీ29 (PB29) చాలు. విద్యార్థుల రకం రంగుల్లో ఫిల్లర్ (రంగుకు బదులు నింపే చవక పొడి) ఎక్కువ. ఒక పాలు నీలాన్ని పది పాళ్ల తెలుపులో కలిపి చూస్తే తెలిసిపోతుంది. మంచి రంగైతే అప్పటికీ నీలం నీలంగానే నిలబడుతుంది.

ఎర్రగా విరగబూసిన చెట్టు మాత్రం ఈ సెట్‌తో రాదు. సియెన్నా ఎండుటాకుల దాకానే తీసుకెళ్తుంది, పువ్వుల ఎరుపు ఇవ్వలేదు. అలాంటి బొమ్మకు ఐదో ట్యూబ్‌గా ఒక ఎరుపు తప్పదు.