గుంటూరులో గలతీ పత్రిక తరగతులు: ఒక సమీక్ష

గుంటూరు బ్రాడీపేటలో ఒక సంఘం సాయంత్రం వేళల్లో నిర్వహించిన గలతీ పత్రిక (అపొస్తలుడైన పౌలు గలతీ ప్రాంతపు సంఘాలకు రాసిన, బైబిలులోని లేఖ) అధ్యయన తరగతులు, నియమాల భారంతో అలసిపోయిన విశ్వాసులు తప్పక వినవలసినవి. రుసుము లేదు, ఏ సంఘం వారైనా రావచ్చు, బైబిలు, నోటుపుస్తకం తెచ్చుకుంటే చాలు.

బోధకులు ధర్మశాస్త్రాన్ని, అంటే మోషే ద్వారా యూదులకు వచ్చిన నియమాలను, ఎక్కడా తక్కువ చేసి మాట్లాడలేదు. అబ్రాహాము దేవుని నమ్మినందువల్లనే నీతిమంతుడిగా ఎంచబడ్డాడనీ, 430 ఏళ్ల తరువాత వచ్చిన ధర్మశాస్త్రం ఆ వాగ్దానాన్ని కొట్టివేయలేదనీ మూడో అధ్యాయంలో పౌలు చేసిన వాదనను, చదువు తక్కువైన వారికి కూడా అర్థమయ్యేలా విడమరిచారు.

అన్నిటికంటే విలువైనది రెండో అధ్యాయంపై జరిగిన బోధ. అంతియొకయలో అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో, కలిసి భోజనం చేస్తున్న కేఫా (పేతురు), సున్నతి పొందిన యూదులు రాగానే వారికి భయపడి వెనక్కు తగ్గాడు. పౌలు అతణ్ణి అందరి ఎదుటా నిలదీశాడు. సువార్త నిలుస్తుందా లేదా అన్నది అక్కడ భోజనపంక్తిలోనే తేలిందని చెప్పి, మన పల్లెల్లో ప్రేమవిందు (సంఘమంతా కలిసి చేసే భోజనం) నాడు ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో గమనించమని బోధకులు అడిగినప్పుడు తరగతి అంతా మౌనం వహించింది. కులం పేరెత్తకుండానే కులాన్ని ఇంత సూటిగా ప్రశ్నించిన బోధను నేను అరుదుగా విన్నాను. చెవికమ్మలు తీస్తేనే బాప్తిస్మం ఇస్తామనడం, శుక్రవారం ఉపవాసాన్ని బట్టి భక్తిని కొలవడం కూడా ఈ వెలుగులోనే చర్చకు వచ్చాయి. ఉపవాసం మానమని ఎవరూ చెప్పలేదు. అది లేకపోతే దేవుని అంగీకారం దొరకదన్న భయాన్ని మాత్రమే విడిచిపెట్టమన్నారు.

అయితే దశమభాగం (ఆదాయంలో పదోవంతు సంఘానికి ఇవ్వడం) గురించి ఒక సోదరి అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు రాలేదు. నియమాల విషయంలో అంత ధైర్యంగా మాట్లాడిన వారు కానుకల దగ్గర తడబడకూడదు. ఐదో అధ్యాయం పదమూడో వచనాన్ని, అంటే స్వాతంత్ర్యాన్ని శరీరేచ్ఛలకు అవకాశంగా చేసుకోక ప్రేమతో ఒకరికొకరు దాసులు కావాలన్న మాటను, హడావుడిగా దాటవేయడం మరింత పెద్ద లోటు. 1842లో అమెరికా మిషనరీ ఫాదర్ హయ్యర్ వచ్చి లూథరన్ మిషన్‌కు పునాది వేసిన ఊరు ఇది. క్రైస్తవుని స్వాతంత్ర్యంపై జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ 1520లో రాసిన చిన్న గ్రంథం సరిగ్గా ఈ రెండు మాటలనే, విశ్వాసంవల్ల క్రైస్తవుడు ఎవరికీ దాసుడు కాడనీ, ప్రేమవల్ల అందరికీ దాసుడనీ, కలిపి చెబుతుంది. దాని ప్రస్తావన ఇక్కడ ఒక్క వాక్యంతో ముగిసిపోవడం నాకు బాధ కలిగించింది.

తరగతులు రాత్రి ఆలస్యంగా ముగుస్తున్నందున తెనాలి, నరసరావుపేట వైపు వెళ్లే స్త్రీలు చివరి ప్రశ్నోత్తరాలు వినకుండానే బస్సుకు బయలుదేరవలసి వస్తోంది. అరగంట ముందు ప్రారంభిస్తే మేలు. తరువాత రోమా పత్రిక మొదలుపెడతామని ప్రకటించారు. తినేవాడు తిననివాణ్ణి తృణీకరించకూడదనీ, తిననివాడు తినేవానికి తీర్పు తీర్చకూడదనీ చెప్పే పద్నాలుగో అధ్యాయానికి వారు కనీసం రెండు సాయంత్రాలు కేటాయించాలని నా మనవి.