కోళ్ల నీళ్ల డబ్బా కింద వేడి పళ్లెం: మూడు చలికాలాల తర్వాత

డల్లాస్ నుంచి మినియాపోలిస్‌కి మారినప్పుడు మా ఐదు పెట్టల్నీ వెంట తెచ్చుకున్నాం. ఇక్కడ జనవరి రాత్రుళ్లు మైనస్ 25 సెల్సియస్‌కి కూడా దిగుతాయి. అందుకని నీళ్ల డబ్బా కింద పెట్టే 125 వాట్ల వేడి పళ్లెం కొన్నాను.

దీంతో గూడు వెచ్చబడదు. నీళ్లు గడ్డకట్టవు, అంతే. నన్నడిగితే అదే చాలు. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల పైమాటే. కడుపు నిండితే, ఈకలు ఉబ్బించి ఒకదాన్నొకటి ఆనుకుని రాత్రి గడిపేస్తాయి. నీళ్లు అందకపోతే మాత్రం మేత ముట్టవు.

గూడు విషయంలో తప్పు నాదే. మొదటి ఏడాది చలిగాలి తగులుతుందని ప్రతి సందులోనూ గుడ్డలు కుక్కేశాను. నాలుగో రోజు పొద్దున తలుపు తీస్తే రెట్ట ఘాటుకి కళ్లు మండాయి. కిటికీ అద్దానికి లోపలివైపు మంచు పేరుకుంది. తెల్ల లెగ్‌హార్న్ జాతి పెట్టకి నెత్తి మీది ఎర్ర జుట్టు కొనలు మూడు నల్లబడి, ఎండుమిరపకాయ తొక్కలా బిరుసెక్కాయి. ప్రాణం ఉసూరుమంది. ఊపిరిలోంచీ రెట్టలోంచీ వచ్చిన తేమకి బయటికి దారి లేకుండా చేసింది నేనే. తడిసిన జుట్టుని చలి ఇట్టే కొరికేస్తుంది.

ఆ రోజే గుడ్డలు పీకేసి, కప్పు కింద, కోళ్ల తలల కంటే ఎత్తులో, రెండు వైపులా గాలి సందులు తెరిచాను. కూర్చునే గుండ్రటి కర్ర తీసేసి వెడల్పు చెక్క బిగించాను. దాని మీద కూర్చుంటే కాలివేళ్లు పొట్ట ఈకల కింద దాగుతాయి. ఆ తర్వాత ఏ పెట్టకీ జుట్టు నల్లబడలేదు. సాయంత్రం గుప్పెడు మొక్కజొన్నలు వెయ్యమంది అమ్మ, ఫోన్‌లో. అదీ మానలేదు.

పళ్లెం సంగతికొస్తే, ఇది రేకు డబ్బాకే పనికొస్తుంది, ప్లాస్టిక్‌కి కాదు. గూట్లో పరిచిన పొట్టు మీద పెట్టొద్దు. సిమెంటు ఇటుక ఎత్తున ఉంచండి, లేకుంటే కోళ్లు గీకి గీకి నీళ్లనిండా పొట్టే. బాగా గాలి వీచిన రాత్రి అంచుల్లో పల్చటి మంచు పొర కట్టింది, వేలితో నొక్కితే విరిగింది. వైరు మరీ పొట్టి.

గూడు వెచ్చగా ఉండటానికి 250 వాట్ల ఎర్ర దీపం పెట్టమని చాలామంది చెప్తారు. దయచేసి వద్దు. ఎండు పొట్టు, ఎగిరే ఈకలు, ఒక్కసారి దీపం జారిపడితే గూడు మిగలదు.

మూడేళ్లకి రేకు డబ్బా అడుగు తుప్పు పట్టింది. నవంబరులోపు డబ్బా మారుస్తాను. పళ్లెం మాత్రం ఇదే.