కురషికిలో రెండు రాత్రులు: నూలు మిల్లు, ఎల్ గ్రెకో బొమ్మ

జపాన్‌లో ఒసాకా నుంచి హిరోషిమా వెళ్లేవాళ్లు దారిలో ఒకాయామా స్టేషన్‌ని కిటికీలోంచి చూసి వదిలేస్తారు. ఈసారి నేనూ మా ఆవిడా పక్కనున్న కురషికి అనే పాత ఊరు చూద్దామని అక్కడ దిగాం. షిన్-కురషికి అని బుల్లెట్ రైలు స్టేషన్ కనిపిస్తుంది కదా అని దానికి టికెట్ తీసుకోకండి. నొజోమి అనే వేగం బుల్లెట్ రైలు అక్కడ ఆగదు, పాత ఊరికి దూరం కూడా. ఒకాయామాలో లోకల్ రైలెక్కితే ఇరవై నిమిషాల్లోపే కురషికి. అక్కడి నుంచి కాలువ దాకా నడిచిపోవచ్చు.

కాలువలో తిప్పే పడవ టికెట్లు మేం వెళ్లేసరికే అయిపోయాయి. పోనీలే, మేం వచ్చింది ఒహరా చిత్రకళా మ్యూజియం కోసం.

దాన్ని పెట్టిన మిల్లు యజమాని ఒహరా మగోసబురో (1880–1943) కుర్రతనంలో ఏమంత బుద్ధిమంతుడు కాదు. చదువుకోమని టోక్యో పంపిస్తే బోలెడు అప్పులు చేశాడు. 1906లో వాళ్ల నూలు మిల్లు హాస్టల్లో అంటురోగం వచ్చి కార్మికులు చనిపోయారు. తండ్రి తప్పుకుని పగ్గాలు ఇతనికి అప్పగించాడు. కిక్కిరిసిన హాస్టళ్ల బదులు మిల్లులో పనిచేసే ఆడపిల్లలకి చిన్న ఇళ్లలాంటి వసతి కట్టించాడు. 1923లో ఆస్పత్రి తెరిచాడు. మిల్లు వాళ్లకే కాదు, ఊరందరికీ. అది ఇప్పటికీ నడుస్తోంది.

బొమ్మలు ఏరి తెచ్చింది మాత్రం ఆయన స్నేహితుడు, చిత్రకారుడు కొజిమా తొరాజిరో. ఒహరా డబ్బిచ్చి యూరప్ పంపితే, ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే దగ్గరికే వెళ్లి కలువల బొమ్మ అడిగి తెచ్చాడు. 1929లో కొజిమా పోయాడు. మరుసటి ఏడాదే అతని గుర్తుగా గ్రీకు గుడిలాంటి స్తంభాలతో ఒహరా ఈ మ్యూజియం తెరిచాడు. పాశ్చాత్య చిత్రకళకి జపాన్‌లో ఇదే మొదటి మ్యూజియం.

అందరూ గుమిగూడేది స్పెయిన్‌లో పేరుపడ్డ పాతకాలపు చిత్రకారుడు ఎల్ గ్రెకో బొమ్మ దగ్గర. దేవదూత మబ్బు మీద దిగివస్తే ఏసు తల్లి మేరీ తల తిప్పి చూస్తుంది, చెయ్యి ఇంకా పుస్తకం మీదే ఉంటుంది. నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం కొజిమా వేసిన, కిమోనో కట్టుకున్న బెల్జియం అమ్మాయి ముందు. మా ఆవిడ పక్క గోదాముల్లోని జపాన్ కుండల కళాకారుడు హమదా షోజి చేసిన కుండల దగ్గర్నుంచి కదల్లేదు. మేం వెళ్లినప్పుడు లోపల ఫోటోలు తీయనివ్వలేదు.

మొదటి రాత్రి ఒక పాతకాలపు ఇంటి సత్రంలో దిగాం. చాపలు, పరుపులు బ్రహ్మాండం, భోజనంతోనే వచ్చింది చిక్కు. శాకాహారమని ముందే మెయిల్ పెట్టినా సూప్‌లో చేప వాసన. చెప్తే పాపం వంగి వంగి క్షమాపణలు చెప్పి తెల్లన్నం, ఊరగాయ ముక్కలు తెచ్చారు. మా గోంగూర ప్యాకెట్ ఆదుకుంది.

రెండో రాత్రి ఐవీ స్క్వేర్. ఇది 1889 నాటి ఆ నూలు మిల్లే, 1974లో హోటల్‌ చేశారు. ఎర్ర ఇటుక గోడల మీది తీగ అందానికి వేసింది కాదట, లోపల ఎండ వేడి తగ్గడానికట. ఒక్క రాత్రే ఉంటే నా ఓటు దీనికే. చీకటి పడితే పగటి జనం వెళ్లిపోయి కాలువ గట్టు ఖాళీ అయిపోతుంది.

సోమవారం మాత్రం పెట్టుకోకండి, మామూలుగా మ్యూజియంకి ఆ రోజు సెలవు.